డ్రైవరు ఎక్కడ ఉండాలి?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసిపోయింది. ఆ తర్వాత బయటపడే లోపాలకు, అదనపు ఏర్పాటు చేసుకున్నవాళ్లకు తప్ప, దిద్దుబాట్లు రావు. డబ్బున్నవాళ్లకు ఇది కొత్త కంప్యూటరు కొనుక్కునే సందర్భం. నెల్లూరు జిల్లా సంగం లాంటి మండల కేంద్రంలో, పక్కనున్న బుచ్చిరెడ్డిపాళెంలో, ఆత్మకూరులో పాత యంత్రంతోనే నెట్టుకురావలసిన చోట్లు చాలా ఉంటాయి. బడిలో కంప్యూటరు గది, జిరాక్స్ సెంటరు, ఎరువుల దుకాణం, ఇలాంటివన్నీ. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ప్రాసెసరు కొత్త తరానిదై ఉండాలి. దాంతో చెడిపోని యంత్రం కూడా పక్కన పడుతుంది. దీనికి చాలామంది చెప్పే ఉపాయం విండోస్‌కు బదులు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం వేసుకోమని. మంచి సలహా, నేనూ అదే చెబుతాను. కానీ ఆ సలహా నిలబడాలంటే ఒక షరతు ఉంది. ఆ యంత్రంలోని వైఫై చిప్పుకు, తెరకు, సౌండుకు కావలసిన డ్రైవర్లు లినక్స్ కెర్నల్ అసలు మూలంలో భాగంగా ఉండాలి. పదిమంది చూడగలిగే, దిద్దగలిగే చోట ఉండాలి. తయారీదారు తన వెబ్‌సైటులో విడిగా పెట్టిన డ్రైవరు ఈ రోజుకు పనిచేస్తుందేమో గానీ, దాని ఆయుష్షు ఆ తయారీదారు ఆసక్తి ఉన్నంతవరకే. ఈ పూట నా వాదన అంతా దీని చుట్టూనే.

కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టంలో అన్నిటికన్నా అడుగున ఉండే భాగం. ఏ ప్రోగ్రాముకు ఎంత మెమరీ ఇవ్వాలి, ప్రాసెసరు ఎవరి పని ముందు చేయాలి, డిస్కులో ఏ ఫైలు ఎవరు చదవొచ్చు అన్నవి అది తేలుస్తుంది. ఒక్కొక్క పరికరంతో మాట్లాడడానికి దానికి ఒక్కొక్క డ్రైవరు కావాలి. లినస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టులో ఫిన్లండ్‌లో విద్యార్థిగా ఉండగా ప్రకటించిన ఈ కెర్నల్ ఇప్పుడు కోట్ల వరుసల కోడు. అందులో సగానికి పైగా డ్రైవర్లే. కాబట్టి కెర్నల్ అభివృద్ధి అని మనం పెద్ద మాటగా చెప్పుకునే దానిలో ఎక్కువ భాగం ఏ చిప్పు ఎప్పుడు మొండికేస్తుందో కనిపెట్టి సర్దే ఓపికైన పని. కొన్నిసార్లు అది ఒకే ఒక్క వరుస. ప్రతి యూఎస్‌బీ పరికరానికీ తయారీదారు సంఖ్య, వస్తువు సంఖ్య అని రెండు గుర్తింపు సంఖ్యలుంటాయి. పాత చిప్పునే కొత్త డబ్బాలో పెట్టి కొత్త సంఖ్యతో అమ్మితే, ఆ సంఖ్య తన పట్టికలో లేదు కాబట్టి డ్రైవరు దాన్ని పట్టించుకోదు. ఎవరో ఒకరు ఆ సంఖ్యను పట్టికలో చేరుస్తూ ఒక వరుస పంపిస్తారు. అంతవరకూ పనిచేయని పరికరం ఆ తర్వాతి విడుదలలో ప్రపంచమంతటా పనిచేస్తుంది.

ఈ మార్పులు ఎలా చేరతాయో చెబితే గానీ వాదన ముందుకు సాగదు. కెర్నల్ కొత్త విడుదల సుమారు 9, 10 వారాలకొకటి వస్తుంది. మొదటి రెండు వారాల్లో కొత్త పని చేర్చుకుంటారు, మిగిలిన వారాలన్నీ వచ్చిన తప్పులను దిద్దుకోవడానికే. ఒక్కో విడుదలలో పది వేలకు పైగా మార్పులుంటాయి. ఇక 2005 నుంచి గ్రెగ్ క్రోహార్ట్‌మన్ వంటివారి చేతిలో విడుదలైన కెర్నల్‌కు దిద్దుబాట్లు చేర్చే స్థిర శాఖ అని ఇంకొకటి నడుస్తోంది. దాని నియమాలు చదివితే నాకు గౌరవం కలుగుతుంది. మార్పు ముందు అసలు మూలంలోకి వచ్చి ఉండాలి. చుట్టుపక్కల వరుసలతో కలిపి 100 వరుసలు మించకూడదు. నిజంగా మనుషులను ఇబ్బంది పెడుతున్న లోపాన్ని దిద్దేదై ఉండాలి, ఊహించిన లోపాన్ని కాదు. పరికరం గుర్తింపు సంఖ్య చేర్చడం లాంటి చిన్న పనికి అనుమతి ఉంది. ప్రతి మార్పు కిందా అది పంపినవారు, పైకి చేర్చినవారు సంతకంగా తమ పేరు రాస్తారు. ఏ పాత మార్పు వల్ల ఈ లోపం పుట్టిందో కూడా గుర్తుపెడతారు. ఇరవై ఏళ్ల కిందటి తప్పుకైనా పుట్టుక ఎక్కడో వెతికి పట్టుకోవచ్చు.

దీని విలువ తెలియడానికి ఒక కేసు వివరంగా చెబుతాను. 2021 ఏప్రిల్‌లో జర్మనీలో వెబ్‌సైట్లకు చోటిచ్చే ఒక సంస్థకు వినియోగదారు నుంచి ఫిర్యాదు వచ్చింది. డౌన్‌లోడ్ చేసుకున్న లాగ్ ఫైలు తెరుచుకోవడం లేదన్నది ఫిర్యాదు. ఫైలు చివర కొన్ని బైట్లు పాడయ్యాయి. సరిచేసి పంపారు. మళ్లీ కొన్నాళ్లకు అలాగే అయింది, మళ్లీ అయింది. మాక్స్ కెల్లర్‌మన్ అనే ఇంజినీరు దాన్ని వదలలేదు. పాడైన ఫైళ్లన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే చెడిన బైట్లు ప్రతిసారీ ఒకటే, ఒక జిప్ ఫైలు శీర్షికలో ఉండేవి. తమ ప్రోగ్రాములో తప్పు కోసం వెతికి వెతికి, చివరికి తప్పు కెర్నల్‌లోనే ఉందని తేల్చాడు. ఒక ప్రోగ్రాము నుంచి ఇంకొక ప్రోగ్రాముకు సమాచారం అందించే పైపు అనే ఏర్పాటులో ఒక చిన్న గుర్తును ముందుగా సున్నా చేయడం మరిచారు. ఆ మరుపు 2016 నాటిది. అప్పుడు దానివల్ల ఎవరికీ ఏ హానీ లేదు. 2020లో వచ్చిన 5.8 కెర్నల్‌లో వేరే మార్పు ఒకటి జరిగింది. దాంతో ఆ పాత మరుపు, చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైలులో సైతం ఎవరైనా రాయగలిగే ప్రమాదంగా మారింది. మామూలు యూజరు యంత్రం మొత్తానికీ యజమాని కావచ్చు. 2022 ఫిబ్రవరి 20న ఆయన కెర్నల్ భద్రతా బృందానికి తెలియజేశాడు. 23న దిద్దుబాటుతో స్థిర విడుదలలు వచ్చేశాయి. మరునాడే గూగుల్ దాన్ని ఆండ్రాయిడ్ కెర్నల్‌లో కలుపుకుంది. మార్చి 7న లోకానికి చెప్పారు. డర్టీ పైప్ అని పేరు పెట్టిన ఆ లోపానికి మందు ఎంతంటే, ఆ గుర్తును సున్నా చేసే వరుస రెండు చోట్ల చేర్చడం.

నన్ను ఈ కేసులో ఎక్కువగా పట్టి ఆపేది ఆ మూడు రోజుల వేగం కన్నా, ఆ పది నెలల వెతుకులాట. కోడు తెరిచి ఉంది కాబట్టి, తనకు ఏ సంబంధమూ లేని భాగంలోకి ఒక వినియోగదారు సంస్థ ఇంజినీరు దిగి చూడగలిగాడు. మూసి ఉన్న వ్యవస్థలో ఆయన చేయగలిగింది కంపెనీకి ఫిర్యాదు పెట్టి ఎదురుచూడడమే. కొందరు ఇక్కడొక అభ్యంతరం చెబుతారు. 5.8 కన్నా పాత కెర్నల్ వాడుతున్నవాళ్లకు ఈ లోపమే లేదు కదా, అప్‌డేట్ చేసుకున్నందుకే కదా ప్రమాదంలో పడ్డారు అని. మాట నిజమే. కానీ పాతది పదిలం అనుకోవడానికి అది చాలదు. డర్టీ కౌ అనే ఇంకొక లోపం 2007 నుంచి కెర్నల్‌లో ఉండి 2016 అక్టోబరులో గానీ బయటపడి సరికాలేదు. ఆ తొమ్మిదేళ్లలో వచ్చిన యంత్రాల్లో, అప్‌డేట్ రానివాటిలో ఆ తలుపు ఈ రోజుకూ తెరిచే ఉంటుంది. పాతదానిలో లోపాలు తక్కువ అనిపించడానికి కారణం ఒక్కోసారి వాటినింకా ఎవరూ వెతకకపోవడమే.

అసలు విషయానికి వస్తాను. కెర్నల్ లోపలి ఏర్పాట్లు స్థిరంగా ఉండవు, ఉంచబోమని అక్కడివాళ్లు ముందే చెబుతారు. బయట ప్రోగ్రాములకు ఇచ్చిన మాట తప్పరు గానీ, లోపల ఒక భాగం ఇంకొక భాగాన్ని పిలిచే తీరును మెరుగుపడుతుందనుకుంటే మార్చేస్తారు. మార్చినవాళ్ల మీద ఒక బాధ్యత ఉంది. ఆ మార్పు వల్ల మూలంలో ఉన్న ఏ డ్రైవరు దెబ్బతిన్నా దాన్ని వాళ్లే సరిచేయాలి. మూలంలో లేని డ్రైవరు పట్ల ఎవరికీ బాధ్యత లేదు. పెన్నా ఆయకట్టు రైతుకు ఈ తేడా చప్పున బోధపడుతుంది. ప్రధాన కాలువ మట్టం మార్చినప్పుడు నీటిపారుదల శాఖ పటంలో ఉన్న తూములను ఆ మట్టానికి సరిచేయాలి. పటంలో లేకుండా ఎవరో గట్టుకు సొంతంగా పెట్టుకున్న గొట్టం సంగతి ఎవరి పనీ కాదు. లినక్స్ కెర్నల్ మీదే నడిచే ఆండ్రాయిడ్ ఫోన్ల ప్రపంచంలో ఇలాంటి గొట్టాలే ఎక్కువ. ఒక పరికరంలో నడిచే కెర్నల్ కోడులో సగం దాకా అసలు మూలంలో లేనిదై ఉండొచ్చని గూగుల్ తన పత్రాల్లో తానే రాసుకుంది. చిప్పు తయారీదారు కొంత, ఫోను తయారీదారు కొంత కలుపుతారు. అందుకే అసలు కెర్నల్‌లో మూడు రోజుల్లో వచ్చిన దిద్దుబాటు ఒక చవక ఫోనుకు చేరడానికి నెలలు పడుతుంది, కొన్నిటికి చేరనే చేరదు. దీన్ని సరిదిద్దడానికే గూగుల్ కెర్నల్‌ను అందరికీ ఒకటిగా ఉంచి తయారీదారుల డ్రైవర్లను విడిగా అతికించే పద్ధతి తెచ్చింది. అది కొంత మేలు చేసింది. అయినా ఆ విడి డ్రైవరులోనే లోపం ఉంటే మళ్లీ తయారీదారు దగ్గరకే వెళ్లాలి.

ఇది మన రాష్ట్రానికి దూరపు సంగతి కాదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు, టీచర్లకు 5 లక్షలకు పైగా ఆండ్రాయిడ్ ట్యాబులు పంచింది. ప్రతి ఆండ్రాయిడ్ పరికరం లోపలా నడిచేది లినక్స్ కెర్నలే. అప్పుడు చర్చ అంతా ట్యాబు ధర ఎంత, అందులో పాఠాలు ఎలా ఉన్నాయి, పిల్లలు ఆటలు ఆడతారా అన్న వాటి మీద జరిగింది. అవి అడగాల్సిన ప్రశ్నలే. కానీ ఎన్నేళ్ల వరకు భద్రతా దిద్దుబాట్లు వస్తాయి, ఆ చిప్పు డ్రైవర్లలో ఎన్ని అసలు మూలంలో ఉన్నాయి అన్న ప్రశ్నలు కూడా ధర పక్కనే నిలబడాలని నా అభిప్రాయం. అప్‌డేట్ ఆగిన ట్యాబు పిల్లవాడి చేతిలో ఉన్నా, అధికారి చేతిలో ఉన్నా ఒకటే. దిద్దుబాటు వచ్చినా వేసుకోకపోతే ఏమవుతుందో కూడా మనకు అనుభవమే. 2017 మే 12న వాన్నక్రై అనే కంప్యూటరు వైరస్ దాడి మొదలైనప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు దానికి చిక్కాయి. అది వాడుకున్న విండోస్ లోపానికి మందు మార్చి 14నే విడుదలైంది. దాదాపు రెండు నెలలు గడువున్నా అది చేరవలసిన యంత్రాలకు చేరలేదు.

ఇప్పుడు బలమైన అభ్యంతరం. అప్‌డేట్లే ముంచుతాయి కదా అంటారు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ పంపిన ఒక ఫైలును కెర్నల్‌లో నడిచే దాని డ్రైవరు తప్పుగా చదివి, సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు ఆగిపోయాయి. ఆ రోజు హైదరాబాదు నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి చేత్తో రాసి ఇచ్చిన బోర్డింగ్ పాసు ఫొటో దేశమంతా చూసింది. సంస్థ 78 నిమిషాల్లో ఆ ఫైలును వెనక్కి తీసుకుంది, కానీ అప్పటికే పడిపోయిన యంత్రాల్లో చాలావాటి దగ్గరికి మనిషి వెళ్లవలసి వచ్చింది. ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అయితే ఆ ఘటనలో తప్పు అప్‌డేట్ పంపడంలో లేదు. అందరికీ ఒకేసారి పంపడంలో, బయటివాళ్లెవరూ ముందుగా చూసే వీలు లేకపోవడంలో ఉంది. లినక్స్ స్థిర శాఖలో ప్రతి విడుదలకు ముందు రానున్న మార్పులన్నీ బహిరంగంగా పెట్టి, అభ్యంతరాలకు దాదాపు 48 గంటలు ఇస్తారు. ప్రపంచంలో చాలా చోట్ల యంత్రాల మీద ఆ కోడును నడిపి ఫలితాలు పంపుతారు. అయినా తప్పులు దాటిపోతాయి, స్థిర విడుదలలోనూ కొన్నిసార్లు ఒక వైఫై డ్రైవరు చెడిపోతుంది. అప్పుడు వాళ్ల మొదటి నియమం, నిన్నటిదాకా పనిచేసింది ఈ రోజు ఆగిపోతే అది మీ తప్పే, ఆ మార్పును వెనక్కి తీయండి అని. టోర్వాల్డ్స్ కోపం ఎక్కువగా ఈ నియమం తప్పినవాళ్ల మీదే.

ఎవరైనా పంపవచ్చంటే దుర్మార్గుడు కూడా పంపవచ్చు కదా అన్నది ఇంకొక ప్రశ్న. అలా పంపి చూసినవాళ్లున్నారు. అమెరికాలో మినెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు, తనిఖీ ఎంత గట్టిగా ఉందో తేల్చడానికి కావాలని తప్పులున్న మార్పులు పంపారు. సంగతి బయటపడ్డాక 2021 ఏప్రిల్‌లో ఆ విశ్వవిద్యాలయం నుంచి మార్పులు తీసుకోవడమే ఆపేశారు, అంతకుముందు అక్కడి నుంచి వచ్చిన వందల మార్పులను మళ్లీ ఒక్కొక్కటీ తనిఖీ చేశారు. కెర్నల్ సాంకేతిక సలహా మండలి తేల్చింది ఏమిటంటే, కావాలని పెట్టిన తప్పులు, మార్పులను తనిఖీ చేసి చేర్చుకునే మెయింటెయినర్ల దగ్గరే ఆగిపోయాయి. దీన్ని బట్టి అంతా భద్రం అనను. కానీ ఎవరు ఏం పంపారో ఏళ్ల తర్వాత కూడా వెలికి తీసి మళ్లీ చూడగలిగే వ్యవస్థ ఇంకెన్ని చోట్ల ఉందో అడగాలి.

డ్రైవరు బయటపెడితే వ్యాపార రహస్యం పోతుందనే కంపెనీల మాట మీద ఎక్కువసేపు ఉండను. ఏళ్ల తరబడి ఆ మాట చెప్పిన గ్రాఫిక్స్ చిప్పుల సంస్థ ఎన్విడియా కూడా 2022 మేలో తన డ్రైవర్లలో కెర్నల్‌లో నడిచే భాగాన్ని తెరిచింది. హైదరాబాదులో పెద్ద కేంద్రం ఉన్న, 2022 ఫిబ్రవరిలో ఏఎండీలో కలిసిన చిప్పుల సంస్థ జైలింక్స్ తన డ్రైవర్లను అసలు మూలానికి పంపుతూ వచ్చింది, అందులో హైదరాబాదు ఇంజినీర్ల పని చాలా ఉంది. వ్యాపారం మునగలేదు.

నా వాదనకు నిజమైన ఇబ్బంది వేరే చోట ఉంది. మూలంలో ఉంటే చాలు, ఎవరో ఒకరు చూస్తారు అని నేను చెబుతున్నాను. ఆ ఎవరో ఒకరు అలసిపోతున్నారు. ఎంచిన కొన్ని కెర్నళ్లకు 6 ఏళ్లు మద్దతు ఇస్తామని 2017లో చెప్పారు. 2023లో, కొత్తవాటికి దాన్ని 2 ఏళ్లకు కుదిస్తున్నామన్నారు. పాత శాఖలను వాడేవాళ్లు తక్కువ, మోసేవాళ్ల మీద భారం ఎక్కువ అన్నది కారణం. దీన్ని నేను దాచి మాట్లాడలేను. రెండేళ్ల ఆయుష్షు ఫోనుకే చాలదు, నీటి కట్టడాలకైతే లెక్కలోకే రాదు. మన సంగం బ్యారేజీనే తీసుకోండి. పందొమ్మిదో శతాబ్దపు పాత ఆనకట్ట స్థానంలో, 2022 సెప్టెంబరు 6న, దివంగత ఐటీ మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి పేరుతో ప్రారంభమైంది. కనిగిరి రిజర్వాయరు, కనుపూరు కాలువ, కావలి కాలువ దాని నీటి మీదే ఆధారపడతాయి. అలాంటి కట్టడం తరాలపాటు నిలబడాలి. ఏ బ్యారేజీకైనా గేట్లు నడిపే నియంత్రణ కంప్యూటరు, మట్టం కొలిచే సెన్సరు అమర్చేటప్పుడు, అందులోని కెర్నల్‌కు ఇంకో పదిహేనేళ్ల తర్వాత ఎవరు దిద్దుబాటు ఇస్తారో అడగాలి. ఈ అవసరం గుర్తించినవాళ్లు ఉన్నారు. 2016లో లినక్స్ ఫౌండేషన్ నీడన సీమెన్స్, తోషిబా, హిటాచి వంటి సంస్థలు సివిల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ప్లాట్‌ఫాం అని ఒకటి మొదలుపెట్టాయి. విద్యుత్తు, నీరు, రైల్వే లాంటి వాటి కోసం ఎంచిన కెర్నళ్లను కనీసం పదేళ్లు పోషించడం దాని పని. 2016 జనవరిలో వచ్చిన 4.4 కెర్నల్ మామూలు మద్దతు ఎప్పుడో ఆగినా వాళ్ల చేతిలో బతికే ఉంది. అంటే దీర్ఘాయుష్షు సాధ్యమే, దానికి జీతమిచ్చి మనుషులను పెట్టాలి. వాడుకునే ప్రభుత్వాలు, కంపెనీలు ఆ ఖర్చు తమది అనుకోవాలి. అసలు మూలంలో ఉన్న డ్రైవరునే అలా పోషించడం సాధ్యం. తాళం వేసిన డ్రైవరును ఎంత డబ్బిచ్చినా బయటివాళ్లు దిద్దలేరు.

తెలుగువాళ్లం ఈ పనికి కొత్తవాళ్లం కాము. కెర్నల్‌తో పాటే వచ్చే మెయింటెయినర్ల జాబితాలో శ్రీనివాస్ కందగట్ల, శ్రీనివాస్ పండ్రువాడ అని రెండు పేర్లుంటాయి. మొదటివారి చేతిలో చిప్పుల్లో చెరగని సమాచారం దాచే ఎన్‌వీమెమ్ విభాగం ఉంది, రెండవవారి చేతిలో ఇంటెల్ ప్రాసెసర్ల వేగాన్ని, విద్యుత్తు వాడకాన్ని నడిపే డ్రైవరు ఉంది. ఇంటిపేర్లు వినగానే మన చెవి పోల్చుకుంటుంది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగు ముఖంతో ఒక లినక్స్‌ను, ప్రభుత్వ పరిశోధన సంస్థ సీడాక్ తెలుగుతో సహా భారతీయ భాషల కోసం బాస్ లినక్స్‌ను తెచ్చాయి. అవి నాకు ఎంతో ఇష్టమైన ప్రయత్నాలు. కానీ తెర మీద తెలుగు అక్షరం కనబడాలన్నా కిందనున్న డిస్‌ప్లే డ్రైవరు పనిచేయాలి, ఆ పనిని మాత్రం మనలో చాలామంది ఇతరులకే వదిలేస్తున్నారు. నెల్లూరు జిల్లాలో ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి, వాటి ల్యాబుల్లో పదేళ్ల నాటి కంప్యూటర్లు ఉండొచ్చు. కెర్నల్ కొత్త విడుదలకు ముందు వచ్చే పరీక్షా రూపాన్ని అలాంటి యంత్రం మీద నడిపి, ఫలానా వైఫై చిప్పు ఆగిపోయిందనో, బాగానే పనిచేసిందనో రాయడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. కొత్త యంత్రాలున్న కంపెనీ ల్యాబుల్లో ఆ పాత చిప్పులు సాధారణంగా ఉండవు, కాబట్టి ఆ సమాచారం ఇక్కడి నుంచే వెళ్లాలి. లోపం రాసినవాళ్ల పేరు దాని దిద్దుబాటు కింద, లోపం తెలిపినవారు అన్న గుర్తుతో చేరుతుంది. ఇక కొనేవాళ్ల వైపు, బడికైనా, సచివాలయానికైనా, నీటిపారుదల శాఖకైనా రాసే ప్రతి టెండరులో రెండు వాక్యాలు చేర్చమని నా అభ్యర్థన. ఈ పరికరం డ్రైవర్లు అసలు కెర్నల్ మూలంలో ఉండాలి అని ఒకటి, దిద్దుబాట్లు ఏ సంవత్సరం దాకా ఇస్తారో అంకెల్లో రాయాలి అని ఒకటి.